వన్స్ మోర్

నేను రిటైరవడానికి ముందటి ఏడాది, ఎండాకాలంలో, హైటెక్ సిటీలోని ఒక ఆడిటోరియంలో కొత్త సంగీత నాటకానికి నన్ను స్టేజ్ మేనేజరుగా వేశారు. అరవైల నాటి కాలేజీ ప్రేమకథ. రెండు జడలు, రిబ్బన్లు, అద్దె సైకిలు, రేడియో పాటలు. చూడటానికి వచ్చేవాళ్ళలో చాలామంది అప్పటికి పుట్టనే లేదు. అయినా టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. పుట్టకముందు కాలం మీద బెంగపెట్టుకోవడం ఆ చుట్టుపక్కల ఆఫీసుల్లో ఒక ఫ్యాషన్.

తెర లేచేదాకా పెత్తనం డైరెక్టరుది. లేచాక ఆయనా ప్రేక్షకుడే. వేదిక పక్కన వింగ్‌లో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్న స్టేజ్ మేనేజర్ మాటే చెల్లుతుంది. లైటుకీ సౌండుకీ ముందు "స్టాండ్ బై" అంటాం, సమయానికి "గో" అంటాం. ఈ నాటకంలో వాద్యగాళ్ళు లేరు. సంగీతమంతా ముందే రికార్డు చేసిన ట్రాక్, ఒకసారి మొదలైతే పాట వెనక పాట వస్తూనే ఉంటుంది.

నాటకం మొదట్లో, ముసలిదైన కథానాయిక ఒక్కతే వచ్చి తన పదహారో ఏడు తలచుకుంటూ పాడాలి. ఆ వేషానికి యాదమ్మ దొరికింది. పక్క టవర్‌లో హౌస్‌కీపింగ్ చేసేది, గోపన్‌పల్లిలో కిరాయికి ఉండేది. అంతకుముందు ఏళ్ళ తరబడి సూర్యాపేట దిక్కున పద్యనాటకాలు ఆడిన మనిషి. మొదటి షో బాగా నడిస్తే బృందంలో పర్మినెంటుగా ఉంచుకుంటానన్నాడు డైరెక్టర్. ఆ మాట పట్టుకుని ఆవిడ పని మానేసింది. "ఇగ చీపురు పట్ట సారూ," అని నవ్వుతూ చెప్పింది. డైరెక్టర్ మాట ఒక్క షో మీదే ఆధారపడి ఉందని నాకు తెలుసు.

నిలబడాల్సిన చోట టేపు అంటించి చూపించాను. మైకు తగలకుండా పైట ఎలా సర్దుకోవాలో చెప్పాను. ఒక్క ముక్క మాత్రం చెప్పలేదు.

మొదటి షో శనివారం సాయంత్రం. యాదమ్మ పాట ముగించి వింగ్ వైపు వస్తోంది. ట్రాక్‌లో సైకిలు పాట ఎత్తుకుంది. అప్పుడు వెనక వరుసలోంచి ఎవరో పెద్దాయన "వన్స్ మోర్!" అన్నాడు. కుర్రకారు సరదాగా అందుకున్నారు.

పద్యనాటకంలో వన్స్ మోర్ అంటే ఆజ్ఞ. చచ్చిపోయిన పాత్రయినా సరే లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి. యాదమ్మ వెనక్కి తిరిగింది, జనానికి దణ్ణం పెట్టింది, మొదటి నుంచి ఎత్తుకుంది. పైన స్పీకర్లలో ఇంకో పాట మోగుతోంది. సైకిలు మీద వస్తున్న కథానాయకుడు ఆవిణ్ణి తప్పించబోయి కింద పడ్డాడు. హాలంతా నవ్వు.

"ట్రాక్ ఆపు" అనే అధికారం నాకుంది. అనలేదు. "ఆమె మైకు, లైటు కట్. గో," అన్నాను. చీకట్లో, మైకు లేకుండా, ఆవిడ ఇంకా రెండు చరణాలు పాడింది. నాకు వినబడ్డాయి.

వింగ్‌లోకి వచ్చి అర్థం కాక అడిగింది: "జనం అడిగిన్రు గద సారూ. అడిగినంక పాడకపోతే మర్యాదుంటదా?" చిన్నతనంలో నేనూ అలాంటి నాటకాలకే తెర లాగాను. ఆవిడ చేసింది తప్పు కాదని ఆ హాల్లో అందరికంటే నాకే బాగా తెలుసు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

మర్నాడే డైరెక్టర్ ఆవిణ్ణి తీసేశాడు. టవర్‌లో ఆవిడ చోట అప్పటికే ఇంకొకరు చేరారు. పాట మాత్రం ఉంచారు. రిహార్సల్‌లో రికార్డయిన యాదమ్మ గొంతును ట్రాక్‌లో కలిపి, ఒక అమ్మాయికి తెల్ల విగ్గు పెట్టి పెదాలు కదపమన్నారు. ప్రతి షోలోనూ ఆ గొంతుకి "గో" చెప్పింది నేనే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఒకరోజు గోపన్‌పల్లి వెళ్ళాను. గది ఖాళీ చేసిందన్నారు. ఎటు వెళ్ళిందో ఎవరికీ తెలియదు.

చివరి షోలోనూ ఎవరో వన్స్ మోర్ అన్నారు. ట్రాక్ ఆగలేదు.

ఆర్టిస్టుకి మన పద్ధతి నేర్పడం స్టేజ్ మేనేజర్ పనిలో సగమే. వాళ్ళు ఏ పద్ధతిలోంచి వచ్చారో చూసుకుని, ఇక్కడ ఏది చెల్లదో ముందే చెప్పడం మిగతా సగం. అందుకు అర నిమిషం చాలు.