పాతపట్నం బస్టాండులో ఒడియా అత్త

గరివిడి నుంచి ఒడిశాలోని పర్లాకిమిడికి కాపురానికొచ్చి ఎనిమిదేళ్లయినా నాకు ఒడియా రాలేదు. బజారులో తెలుగుతోనే పని జరిగిపోయేది.

మొన్న పుట్టింటికి వెళ్తూ పాతపట్నంలో బస్సు మారుతున్నాను. సంచులు సర్దుకుని చూసేసరికి మూడేళ్ల మా పాప పక్కన లేదు. పరుగెడితే అరటిపళ్ల బండి దగ్గర ఒక ముసలామె ఒళ్లో కనిపించింది. చేతులు చాపాను. ఆమె పాపను గట్టిగా పట్టుకుని ఒడియాలో ఏదో గద్దించి అడిగింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏడుపొచ్చేసింది.

ఇంతలో ఆమె కోడలు నీళ్ల సీసాతో వచ్చింది.

"నీ పాపేనేటమ్మా? పేరు సెప్పమంతన్నాది మా అత్త."

పేరు చెప్పి, "ఎనిమిదేళ్లై పర్లాకిమిడిలోనే ఉన్నాను, ఒడియా రాదు," అన్నాను సిగ్గుతో.

"అయితే ఏటి? మా అత్త నలభయ్యేళ్లై ఈ ఊళ్లోనే ఉన్నాది. తెలుగు రాదు!"

కోడలు ఆ మాటే ఒడియాలో చెప్పింది. ముసలామె పకపకా నవ్వి, పాపను నా చేతుల్లో పెట్టి, నా బుగ్గ నిమిరి ఏదో అంది.

"ఏటంతన్నారు?" అనడిగాను.

"మీరిద్దరూ ఒకే బళ్లో సదూకున్నట్టున్నారంట."

కళ్లు తుడుచుకుంటూంటేనే నవ్వొచ్చేసింది.