రెండో బస్తా

పెదపాడు రోడ్డు మీద ధాన్యం ఆరబోశారు. మధ్యాహ్నం ఎండకి ఆ తడి వాసన కిటికీలోంచి నా బల్ల దాకా వచ్చేసింది. ఈ వాసన వస్తే చాలు, నాకు పరంజ్యోతి గారి గొంతు వినిపిస్తుంది. "తలుపులన్నీ తీయకండి కరుణ గారూ, ముందు పేర్లు చదవండి." ఆయన నా మొదటి బాస్. పోయి ఏడాది దాటింది. కబురు తెలిసి కూడా నేను వెళ్ళలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరున్నారు గనక? నేనొక్కదాన్నే.

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్ దగ్గర మేడమీద రెండు గదుల ఆఫీసు ఆయనది. రైసు మిల్లులకి కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారు. నేను ఏలూరు నుంచి పాసింజర్లో వెళ్ళేదాన్ని. చేరగానే ఒక పెద్ద ప్రోగ్రాము ఇచ్చి చదవమన్నారు. నేను మొదటి ఫైలు మొదటి లైను నుంచి మొదలెట్టాను. నాలుగో రోజు వచ్చి పక్కన కూర్చున్నారు. "ఎందాకా వచ్చారండీ?" "సగం అయిందండీ." "మొదట్లో ఏముందో చెప్పండి." ఒక్క ముక్క గుర్తుంటే ఒట్టు. ఆయన నవ్వేశారు. "కొత్త ఊళ్ళో ఒకరిల్లు వెతకాలంటే ప్రతి ఇంట్లోకీ దూరి వంటగది దాకా చూస్తామాండీ?" అని, ప్రోగ్రాములో ఉన్న భాగాల ఒట్టి పేర్లు మాత్రం ఒక పెద్ద కాగితం మీద రాయించారు. ఏ భాగం ఏ భాగాన్ని పనికి పిలుస్తుందో బాణం గుర్తులు వేయించి గోడకి అంటించారు. ఆ రోజు సాయంత్రానికి ప్రోగ్రాము మొత్తం నాకు అర్థమైంది.

ఆయనకి రెండు పిచ్చిలుండేవి. ఒకటి, పేర్లన్నీ తెలుగులో పెట్టి ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం. లారీ తూకానికి 'కాటా', గింజలో తడికి 'తేమ'. అదైనా ఒకే తీరున రాసేవారా? 'తేమ'కి ఒకచోట హెచ్ పెట్టేవారు, ఒకచోట మానేసేవారు, ఇంకోచోట రెండు ఈలు. తల ప్రాణం తోకకొచ్చేది. రెండోది మంచి పిచ్చి. ప్రోగ్రాములో ఏ చిన్న భాగం రాసినా, అది కావాలని ఎవరు అడిగారో పైన రాసి తీరాలి. ఓనరు గారు అడిగారు, గుమాస్తా గారు అడిగారు, అని. "ఎవరూ అడగనిది రాయకూడదండీ. రేపు అదెందుకుందో మనకే తెలియదు" అనేవారు.

ఆ మాట మీదే మేం విడిపోయాం. కోతల్లో వాన పడిన ఏడాది. పెదపాడు దగ్గర ఒక మిల్లులో మా ప్రోగ్రాము పెడుతున్నాం. మండవల్లి వైపు నుంచి ఒక పెద్దాయన ట్రాక్టరు తోలుకొచ్చారు. మిల్లు వాళ్ళు పై బస్తాలో తేమ కొలిచే మీటరు గుచ్చారు, ఎక్కువ చూపించింది. నేను చేసిన స్క్రీను మీద 'తిరస్కరణ' అని ఎర్రగా వచ్చింది. "ఏవండీ, పైది ఒక్కటే తడిసిందండీ, కింద బస్తా కూడా చూడండి" అని ఆయన నన్నే బతిమాలాడారు, మిల్లు వాళ్ళని కాదు. రెండో రీడింగు ఎక్కించడానికి స్క్రీనులో చోటు లేదు. ఆ ట్రాక్టరు అలాగే వెనక్కి తిరిగింది.

"రెండో బస్తా రీడింగు పెడదామండీ" అన్నాను.

"మిల్లు వాళ్ళు అడగలేదు కదండీ."

"నేనడుగుతున్నానండీ."

పరంజ్యోతి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. "అయితే మీ ప్రోగ్రాము మీరే రాసుకోండి" అని వచ్చేశాను. నెల తర్వాత ఆయన ఫోన్ చేశారు. ఎత్తలేదు. మళ్ళీ చేస్తారులే అనుకున్నాను. చేయలేదు.

ఇప్పుడు ఆ మిల్లు వాళ్ళే నన్ను వెతుక్కుంటూ వచ్చారు, పాత ప్రోగ్రాము కొత్తగా రాసిపెట్టమని. ఈ రోజుల్లో ఆ పనికి మనుషులక్కర్లేదు. ఏఐ ఏజెంటు ఉంది. చెబితే పాతదంతా అదే చదివి కొత్తది రాస్తుంది. మనిషి మాటకి మొహం వాచిపోయి ఉన్నానేమో, రోజంతా దాంతోనే మాట్లాడుతున్నాను. చిత్రమేమిటంటే అదీ అచ్చం నాలాగే మొదటి ఫైలు నుంచి మొదలెట్టింది. సగానికొచ్చేసరికి దాని బుర్ర నిండిపోయి మొదలు మరిచిపోయింది. తేమని ఇంగ్లీషు మాటతో వెతికి, ఎక్కడా లేదని చెప్పింది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. పరంజ్యోతి గారి గోడ కాగితాన్నే దానికొక పనిముట్టుగా రాసిచ్చాను. ఫైళ్ళు తెరవకుండానే ఏ పేరు ఎక్కడుందో, దాన్ని ఏది పిలుస్తుందో చెబుతుంది. పక్కన ఆయన పెట్టిన తెలుగు పేర్లకి అర్థాల పట్టిక పెట్టాను, ఆ మూడు రకాల తేమలతో సహా.

ఈసారి అది తిన్నగా తేమ దగ్గరికి వెళ్ళింది. కాసేపటికి ఇలా రాసింది: "'తేమ' భాగం పనికి పిలిచే చిన్న భాగం ఒకటుంది. పేరు కరుణ, అంటే దయ. తిరస్కరించే ముందు రెండో బస్తా రీడింగు అడుగుతుంది. కొత్త ప్రోగ్రాములో ఏమేం కావాలో మిల్లు ఇచ్చిన జాబితాలో ఇది లేదు. తీసేయమంటారా?"

ఫైలు తెరిచాను. పైన ఆయన ఇంగ్లీషు అక్షరాల తెలుగులో ఒకటే లైను: 'కరుణ గారు అడిగారు.' తేదీ చూశాను. నేను ఎత్తని ఆ ఫోను వచ్చిన రోజు. ఇన్నేళ్ళూ ఆ మిల్లుకొచ్చిన ప్రతి తడి ట్రాక్టరుకీ వాళ్ళు రెండో బస్తా చూస్తూనే ఉన్నారు. నేనేమో ఆయన నా మాట చెవిన పెట్టలేదని ఇక్కడ కూర్చుని కుళ్ళిపోతున్నాను. బల్ల మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. మిషను జవాబు కోసం ఊరికే ఎదురుచూసింది.

తీయొద్దన్నాను. మిల్లు వాళ్ళకి ఫోన్ చేసి, ఇది ఉండి తీరాలని చెప్పి ఒప్పించాను. కొత్త ప్రోగ్రాములో ఆ భాగాన్ని నా చేత్తో నేనే రాశాను. పైన ఎవరు అడిగారో రాయాలి కదా. 'పరంజ్యోతి గారు అడిగారు' అని రాశాను. నిజానికి ఆయన నన్ను ఏమీ అడగలేదు. ఏమడిగేవారో, ఆ ఫోను నేను ఎత్తలేదు.