నేనుండగానే లేనట్టు లెక్కేశారు

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. నా మాట ఇంకా కాస్త ముద్దగా వస్తది, ఓపికగా వినండి, ఒకప్పుడు అదీ లేదు. మాచర్ల దగ్గర నాపరాళ్ళకు పాలిష్ పట్టే మా మిషన్ పక్కన నిలబడ్డవాణ్ణి ఉన్నట్టుండి కూలిపోయాను, నరసరావుపేట ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ పోయినయ్. చెవులు మాత్రం దేవుడు ఉంచాడు. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

మా ఊళ్ళో మాట పడిపోయినోడికి చెవుడు కూడా వచ్చిందనుకుంటారు. ఇంటికి తెచ్చాక, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ నా చెవిలో "బాగున్నావా" అని అరిచి, తర్వాత మంచం మీద మనిషే లేనట్టు నా గురించి మాట్లాడుకునేవాళ్ళు. అట్టా ఒకరోజు మా తోడల్లుడు శ్రీను వచ్చాడు. ఆ పాలిషింగు యూనిట్టు అతనూ, అతని అన్నా, నేనూ కలిసి పెట్టుకున్నదే, అప్పులొస్తే ఇళ్ళమీదికి రాకుండా ఉంటాయని ఆడిటర్ గారు దాన్ని లిమిటెడ్ లయబిలిటీ పార్టనర్‌షిప్‌గా రాయించారు. శ్రీను నా చెవిలో అరిచి, తర్వాత నా భార్య మార్తమ్మతో మామూలు గొంతుతో అన్నాడు.

"రెండో మిషన్‌కి కరెంటు లైను రావాలంటే ముగ్గురి సంతకాలూ కావాలంట వదినా. మీ ఆయన పెట్టలేడుగా. మన అగ్రిమెంటులో ఉంది, పార్టనరు చనిపోయినా, దివాలా తీసినా, మతి పోయిందని డాక్టరు రాసిచ్చినా తప్పుకున్నట్టేనంట. రేపు డాక్టర్ని తీసుకొస్తా."

మార్తమ్మ తల వంచుకుంది.

సహోదరులారా, నేను తప్పుకోలేదు, తప్పుకుంటానని ఎవరితోనూ అనలేదు. ఆ అగ్రిమెంటు మీద ముగ్గురం నవ్వుకుంటా సంతకాలు పెట్టాం, చచ్చినోడి పక్కన నన్ను నిలబెట్టే మాట అందులో ఉందని ఎవరనుకున్నాం? మతి పోలేదురా శ్రీనూ అని లోపల చానా అరిచాను, నోట్లోంచి చొంగ తప్ప ఏమీ రాలేదు. ఆ చొంగ కూడా శ్రీనే తుడిచాడు. అది అసలు భరించలేకపోయాను.

మర్నాడు డాక్టరు గారొచ్చి నీ పేరేంది, ఇది ఏ ఊరు, ఈమె ఎవరు అని అడిగారు. అన్నీ తెలుసు, నాలుక కదల్లేదు. ఆయన పెన్ను తీశారు. అప్పుడు మార్తమ్మ "ఒక్క నిమిషం ఆగండయ్యా" అని నా మంచం పట్టె పట్టుకుని మోకరించింది. ఆ ప్రార్థన నేను చచ్చేదాకా మరవను.

"ప్రభువా, మా ఆయనకి మతి ఉందని నీకు తెలుసు, నాకు తెలుసు. చారులో ఉప్పు తక్కువైతే ఇప్పటికీ మొహం పక్కకి తిప్పుకుంటాడు. మతి లేనోడు అట్టా చేస్తాడా తండ్రీ? మా శ్రీను చెడ్డోడు కాదు, తొందర మనిషి. వీళ్ళు రాసేముందు నువ్వే వీళ్ళకి చూపించు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ."

"ఆమేన్" అన్నాను.

నేనే అన్నాను సహోదరులారా! గొంతులో రాయి దొర్లినట్టు వచ్చింది, అయినా అది మాటే. మార్తమ్మ లేవలేదు, అట్టనే మంచానికి తల ఆనించి ఏడ్చింది. శ్రీను గోడకు ఆనుకుపోయాడు. నిన్న తనన్న ప్రతిమాటా నేను విన్నానని అప్పుడే అతనికి తెలిసింది. డాక్టరు గారు, అవునంటే ఎడమ చెయ్యి ఎత్తమని, ఒక్కో పేరూ తానే చెప్తా మళ్ళీ మొదటినుంచి అడిగారు, సరిగ్గా ఎక్కడ ఎత్తాలో అక్కడ ఎత్తాను. ఈయన మతి నిక్షేపంగా ఉంది, మాటే పోయిందని చెప్పి వెళ్ళారు. కరెంటు కాగితం మీద నా ఎడమ వేలిముద్ర పడింది, ఆ చెయ్యి పట్టుకుని వేయించింది శ్రీనే.

దేవునికే మహిమ. కుడి చెయ్యి ఇంకా రాలేదు, అడుగుతూనే ఉన్నాను. నీ పనైపోయిందని మనుషులు లెక్క కట్టేసినా ఆయన్ని నమ్మండి, నోట మాట రాకపోతే లోపలే అడగండి, వింటాడు. ఇంకొక్క మాట చెప్పి కూర్చుంటాను. మీ ఇంట్లో మాట పడిపోయినవాళ్ళుంటే మంచం పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడండి. అరవబాకండి. మాకు వినపడతది.