నాలుగు కాళ్ల బాతు

కొత్త ప్లాస్టిక్ వాసన తగిలితే నాకు వాన గుర్తుకొస్తుంది. ఈ సంగతి ఎప్పుడో రాసుకుని ఉండేదాన్ని, కానీ నాకు అక్షరాలు వచ్చి ఏడాది దాటిందంతే. చదువుకోవలసిన వయసులో నా కుడిచెయ్యి రాట్నం పిడి మీద, ఎడమచెయ్యి నూలుపోగు మీద ఉండేవి. పలక పట్టుకోవడానికి మూడో చెయ్యి లేకపోయింది. పెళ్లయ్యాక కూడా రాట్నమే, ఊరు మాత్రం వేరు. కర్నూల్లో కూతురి దగ్గరికి వచ్చి ఉంటున్నాక, మనవరాలు చిన్ని బళ్లో చేరినప్పుడు, దాని పలక మీదే మా అమ్మాయి నాకూ దిద్దబెట్టింది. చిన్ని నాకంటే ముందే గుణింతాల్లోకి పోయింది. నేను నిదానంగా పోయాను.

ఆ ప్లాస్టిక్ వాసన మా అల్లుడి బొమ్మల పెట్టెలది. ముప్పై ఐదేళ్ల మనిషి, మందుల కంపెనీ తరఫున ఊళ్లు తిరిగే ఉద్యోగం, సెలవు దొరికితే చాలు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చింతగింజంత ప్లాస్టిక్ ఇటుకలను ఒకదాని మీద ఒకటి నొక్కి, వాళ్ల చిన్నతనంలో టీవీలో వచ్చిన కార్టూన్ బొమ్మలను కడతాడు. అన్నిటికీ చదరపు తలకాయలే, మొండెం కంటే తల పెద్దది, కళ్లు రెండు నల్ల గుండీలు. కుందేలు ఉంది, పిల్లి ఉంది, ఎలుక ఉంది, నారింజ రంగు ముక్కుతో బాతు ఉంది. కట్టడం అయిపోగానే వాటిని హాల్లో అద్దాల బీరువాలో నిలబెట్టి, పైన చిన్న దీపం పెట్టి, బీగం వేస్తాడు. అవి ఆడుకునేవి కావు, దాచుకునేవి అంటాడు.

మొన్న ఆదివారం చిన్ని గరిటె తెచ్చి ఆ అద్దం మీద కొట్టింది. వాళ్ల నాన్న గదమాయించాడు. అది ఏడుస్తూ వంటింట్లోకి నా దగ్గరికి వచ్చి, ముక్కు నా చీరకు తుడుచుకుని, "అవ్వా, బాతుకు ఆడ ఊపిరి ఆడతాదా?" అంది. తెరవమని ఆయన్ను నేనెలా అడుగుతాను? మా ఇళ్లల్లో అత్త అల్లుడికి ఎదురుపడి మాట్లాడదు. ఆయన హాల్లో ఉన్నంతసేపు నేను వంటింట్లో ఉంటాను, కావలసింది కూతురి నోటితో అడిగిస్తాను. దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, నా చిన్నప్పుడు నాకూ ఒక బాతు ఉండేదని మాత్రం చెప్పాను.

మాది ఎమ్మిగనూరు పక్క ఊరు. ఇంటికి ఒకటే గది, ఆ గదిలో మగ్గం, మగ్గం ముందు నేలలో నడుముల్లోతు గుంత, గుంతలో కాళ్లు వేసుకుని నాయన. పడుగు ఎక్కించిన రోజు నుంచి చీరలు దిగేదాకా ఆ దారాలు గుంత దగ్గర్నుంచి అవతలి గోడ దాకా గది నిండా సాగి ఉండేవి. పడుగు దాటరాదు. ఆడపిల్ల దాటితే పోగులు తెగుతాయని మా అవ్వ చెప్పేది, మగపిల్లవాడు దాటితే ఏమవుతుందో ఎప్పుడూ చెప్పలేదు. బయటికి పోవాలంటే ఆ దారాల కింద బొక్కబోర్లా పాకి వాకిలి చేరాలి. నా చోటు గుంతకూ గోడకూ నడుమ, రాట్నం పట్టేంత. అక్కడ కూర్చుని నూలును చిన్న పుల్లకు చుట్టి కండె చేసి నాయనకు అందించాలి. ఆయన దాన్ని నాడెలో పెట్టి అటూ ఇటూ విసిరేవాడు, నేను ఇంకొకటి చుట్టేలోపల నాడె దాన్ని తినేసేది. మగ్గానికి ఎంత ఆకలో! "ఏమ్మే, కండె యాడ?" అన్న కేక నా పేరు కంటే ఎక్కువగా విన్నాను.

ఎండాకాలం బండల పైకప్పు పెనంలా కాలేది. నూలుకు పట్టించిన గంజి పులిసిన వాసన, నాయన చెమట వాసన, మూల కుండలో మజ్జిగ వాసన కలిసి ఆ గదిలో కదలకుండా నిలబడేవి. చలికాలం మధ్యాహ్నం వాకిట్లోంచి ఒక ఎండపట్టె లోపలికి వచ్చి, పడుగు మీదుగా జరిగి, సరిగ్గా నా మోకాలి దాకా వచ్చి వెనక్కి పోయేది. అమ్మ జొన్నరొట్టె మీద ఊరుబిండి పచ్చడి పెట్టి దారాల కిందుగా తోసేది, ఎడమచేత్తో తినేదాన్ని. మట్టెద్దుల అమావాస్య నాడు మాత్రం ఒక పూట వదిలేవారు. ఆ పూట బంకమట్టితో ఎద్దులు చేసి, జొన్నగింజలు కళ్లుగా గుచ్చి, నాలుగు కాళ్ల మీద నిలబెట్టి పూజ చేసేవాళ్లం. నా చేతికి వచ్చిన బొమ్మ అదొక్కటే.

మా పక్కిల్లు కాశింబీ అత్తది. నడుమ ఒకటే మట్టిగోడ. వీధిలో మొదటి టీవీ వాళ్లింటికి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం కార్టూన్ వచ్చే వేళకు వీధిలో పిల్లలంతా అక్కడ చేరేవారు, మా అన్న కూడా. వాడు బడికి పోయేవాడు, ఆదివారం వాడికి సెలవు. మగ్గానికి సెలవు లేదు కనుక నాకూ లేదు. గోడకు వీపు ఆనించుకుని రాట్నం తిప్పుతూ వినేదాన్ని. ఏదో జారిపడ్డ చప్పుడు, గిన్నెలు దొర్లిన చప్పుడు, ఎవరో ఎవరినో తరుముతున్నట్టు వాయిద్యాలు, వెంటనే పిల్లలందరి నవ్వు. ఆ నవ్వు గోడ దాటి వచ్చేసరికి దేనికి నవ్వారో మిగిలేది కాదు. అయినా నేనూ నవ్వేదాన్ని. నాయన గుంతలోంచి తలెత్తి నా వైపు వింతగా చూసేవాడు.

అన్న దారాల కింద పాకి రాగానే అడిగేదాన్ని.

"బాతు జారి పడె, దానెనక బిందెలన్నీ పడె. కడుపు పగిలేట్టు నవ్వినాం."

"బాతంటే ఎట్లుంటాదన్నా?"

"కోడి మాదిరే ఉంటాది, గానీ కోడి కాదు. ముక్కు గరిటె మాదిరి. నడిచిందంటే మన షావుకారు వచ్చినట్టే!"

మా ఎండిన ఊళ్లో బాతు ఎక్కడిది? మాకు నూలిచ్చే షావుకారు నడక తెలుసు, గరిటె తెలుసు. ఆ రెండింటినీ కలిపి ఎంత ఊహించినా బొమ్మ పూర్తయ్యేది కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ బాతును కళ్లతో చూడాలని ఉండేది. దానికి మగ్గం ఆగాలి. మగ్గం ఆగాలంటే వాన రావాలి, గట్టి వాన, గుంతలోకి నీళ్లు ఊరేంత వాన. అది ఆదివారమే రావాలి. మబ్బు పడితే ఊళ్లో మగ్గం ఉన్న ప్రతి ఇంట్లో పెద్దవాళ్ల ముఖాలు నల్లబడేవి, నేను మాత్రం రాట్నం ఆపి చెవి రిక్కించేదాన్ని. అమ్మ కనిపెట్టేది.

"వానొస్తే నీకు సంబరమేమ్మే? పొయ్యి మీదికి ఏం పెడతావు, మబ్బులా?"

ఒక ఆదివారం వచ్చింది. తెల్లవారి మొదలైన వాన పొద్దెక్కేసరికి గుంతను నింపింది. నాయన డబ్బాతో నీళ్లు తోడి తోడి, గుంత అంచు మట్టి పెళ్లలుగా విరిగి పడుతుంటే చూసి, డబ్బా పక్కన పెట్టి బీడీ ముట్టించాడు. పడుగు తడవకుండా పైకి చుట్టేశారు. గది ఒక్కసారిగా ఎంత పెద్దదయిందో! నేను నిలబడి నడిచి వాకిలి దాటాను. కార్టూన్ వేళకు తడుస్తూ కాశింబీ అత్త ఇంట్లోకి పోతే, లోపల చీకటి. కారుతున్న పైకప్పు కింద టీవీ మీద కొత్త ప్లాస్టిక్ పట్ట కప్పి ఉంది. గది నిండా ఆ వాసన.

"అరె బేటీ, ఇప్పుడొచ్చినావా! వాన పడితే కరెంటు యాడుంటాది? రా, కూర్చో, చాయ్ తాగు."

ఆ పట్ట కింద, ఆ పెట్టెలో బాతు ఉందనే అనుకున్నాను. చాయ్ తాగుతూ చాలాసేపు దాని వైపే చూశాను.

వాన వెలిశాక కాశింబీ అత్త అరుగు పక్కన, నేల పరచగా మిగిలిన నాపబండ ముక్కలు కనిపించాయి, నల్లగా, చదరంగా, కడిగినట్టు. అన్న చెబుతుంటే నేను పేర్చాను. మొండానికి మూడు, తలకు ఒకటి పెద్దది, ముక్కుకు ఎర్ర ఇటుక పెంకు. రెండు కాళ్ల మీద నిలబడకపోతే ఎద్దుకు పెట్టినట్టే నాలుగు పెట్టాను.

"నాలుగు కాళ్ల బాతు యాడన్నా ఉండాదా మే?" అని అన్న పడీపడీ నవ్వాడు.

"రెండయితే పడతాండాది. నిలబడాల్నా వద్దా?"

"ఉండనీ లేరా," అంది కాశింబీ అత్త. "ఎద్దుబాతు! మా ఇంటికి కాపలా."

మరునాడు నేను లేచేసరికి ఎండ కాస్తోంది. నాయన గుంతలో దిగి, విరిగిన అంచుకు రాళ్లు పొదుగుతున్నాడు. "ఎవురు పేర్చినారో గానీ, బలే చదరం రాళ్లు దొరికినాయి," అని సంతోషంగా చేతులు దులుపుకున్నాడు. సాయంత్రానికి పడుగు మళ్లీ గది నిండా సాగింది. నేను దాని కింద పాకి నా చోటికి పోయి కూర్చున్నాను. కండె అందించడానికి వంగినప్పుడల్లా నాయన పాదాల పక్కన, మట్టిలోంచి ఎర్ర పెంకు ముక్కు ఒకటి బయటికి పొడుచుకుని కనిపించేది. పెళ్లయి పోయేదాకా చూశాను దాన్ని. నేనూ బాతూ ఒకే గుంత దగ్గర ఉండిపోయాం.

ఇప్పుడు ఆ ఊళ్లో మా వీధిలో మగ్గం చప్పుడు లేదు. నాయన పోయాక అన్న మగ్గం కొయ్యలు పొయ్యిలోకి పెట్టి, గుంత పూడ్చి, పైన సిమెంటు చేసి, అక్కడ బండి నిలుపుకుంటున్నాడు. కాశింబీ అత్త లేదు, ఆ మట్టిగోడ లేదు. బాతు మాత్రం సిమెంటు కింద ఉండే ఉంటుంది.

నిన్న సాయంత్రం ఇంతవరకే రాసి, చెయ్యి నొప్పి పుట్టి ఆపేశాను. ఈ పొద్దున అల్లుడు హాల్లో కాఫీ తాగుతుండగా, నేను వంటింట్లోంచి వచ్చి ఆయన ఎదుట నిలబడ్డాను. ఆయన గ్లాసుతో సహా లేచి నిలబడ్డాడు. పొయ్యి దగ్గర మా అమ్మాయి చేతిలో అట్లకాడ ఆగిపోయింది.

"అప్పా, ఆ బీగంచెవి ఇట్లియ్యండి."

"అత్తా... అవి ఆడుకునేటివి కావత్తా."

"తెలుసప్పా. దాంట్లో పెట్టినాక మీరు గూడా ఎన్నడూ ముట్టుకోలేదు కదా. బాతునొక్కదాన్నే దించండి."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. తర్వాత జేబులోంచి బీగంచెవి తీసి నాకివ్వకుండా తానే తెరిచాడు. ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. హాల్లో పరుపు మీద పడుకున్న చిన్ని లేచి, రెండు చేతులూ చాచి బాతును అందుకుని, మొట్టమొదట దాని తల పీకింది. అల్లుడు దాని పక్కన కూర్చున్నాడు. తల మళ్లీ నొక్కి పరుపు మీద చిన్ని నిలబెట్టబోతే బాతు వెల్లకిలా పడింది, మళ్లీ పెడితే మళ్లీ పడింది.

నేను వెళ్లి వాళ్లిద్దరి పక్కన కూర్చున్నాను. తెరిచి ఉన్న బీరువాలోంచి పిల్లిని తీసుకుని, దాని కాళ్లు రెండూ ఊడబెరికి, బాతుకు తగిలించాను.