మైకు వెళ్లని వీధి

మా కాలేజీలో నా నోటికి ప్రిన్సిపాల్ గారు కూడా జడుస్తారు. పౌరశాస్త్రం చెబుతాను, ఊరుకోమంటే ఊరుకోను. అందుకే కాబోలు, హక్కుల పరిశీలనకు ఢిల్లీ నుంచి వచ్చిన అధికారికి ఊరివాళ్ల తెలుగు అనువదించి చెప్పడానికి నన్ను పంపారు. పిఠాపురం అవతల సముద్రం ఒడ్డున ఒక పల్లెలో ఎవరి ఇంటినో వెలివేశారని పేరు లేని అర్జీ వెళ్లింది. మీటింగు సంగతి కాగితం మీద రాసి అంటిస్తే చదవలేనివాళ్లుంటారు, ఆటోకి మైకు కట్టి ఊరంతా చాటించండని సలహా ఇచ్చింది నేనే.

మీటింగు హాలు నిండింది. ముందు వరుసలో కులపెద్దలు. అన్ని రాష్ట్రాల్లోనూ అడిగే ప్రశ్నలే అధికారి ఒక్కొక్కటిగా అడిగారు. వెలి మాట రాగానే, పదేళ్లుగా మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడ లేచింది.

"అలాంటియ్యి మావూళ్లో లేవండి మేడంగారూ. మీకు తెలీందేముంది?"

తెలిసినట్టే తలూపాను. అధికారి నింపమన్న పత్రంలో వెలి గడిలో "లేదు" అని రాశాను.

జీపు దగ్గరకు వస్తుంటే పక్క వీధిలో ఒకామె ఖాళీ గంప పక్కన బోర్లించుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

"మీటింగుకి రాలేదేమ్మా?" అన్నాను.

ఎవరిని అడుగుతున్నానా అని ఆమె మొదట వెనక్కి తిరిగి చూసింది.

"నన్నేనాండి? ఏం మీటింగండి?"

"మైకులో చెప్పారుగా."

"మా ఈధిలోకి రాదండి. మా గుమ్మం ముందు చాటితే మాతో మాటాడినట్టేనంట. మాటాడినోళ్లు కులానికి తప్పు డబ్బులు కట్టాలి."

కొడుకు వేరే కులం పిల్లను చేసుకున్నందుకు రేవులో ఆమెకు ఎవరూ చేప ఇవ్వడం లేదు. ఊళ్లు తిరిగి అమ్ముకోవడానికి గంపలో ఏమీ లేదు. అర్జీ ఆమెదే.

అధికారి వాచీ చూసుకుంటూ, పేరు పెట్టి రాసిస్తే పత్రంలో జవాబు మారుస్తానన్నారు. ఆ మాట ఆమెకు చెప్పాను. వీధి మొదట్లో అప్పటికే కులపెద్దలు వచ్చి నిలబడ్డారు.

"పేరెడతానండి. మరి రేపు మీరుంటారా?"

"లేదు" కొట్టేసి "ఉంది" అని రాసి, ఫిర్యాదుదారు పేరు దగ్గర నా పేరు రాసి సంతకం పెట్టాను. ఇది ఏ నిబంధన కిందకి వస్తుందని అధికారి అడిగారు. దారిలో వెతుక్కోండన్నాను.

ఆ వారం నుంచి మా చేపలావిడ మా గుమ్మం దగ్గర ఆగడం లేదు. పక్కింట్లో బేరమాడుతూ నా వైపు చూడదు. పిలిస్తే వినపడనట్టు గంప ఎత్తుకుంటుంది. ఆ అరుగు మీది మనిషికి రేవులో ఇప్పుడైనా చేప ఇస్తున్నారో లేదో నాకు చెప్పగలిగింది ఈమె ఒక్కతే. రోజూ గేటు దగ్గర నిలబడి అడుగుతూనే ఉన్నాను.