రెండు గంటల ముందొచ్చే చీజ్ డిప్

ఆంజనేయప్రసాద్ గారిని ఆరింటికి పార్టీకి పిలిస్తే నాలుగింటికే గుమ్మంలో ఉంటారు. పెళ్ళికి పిలిస్తే పెళ్ళిచూపులకే వచ్చేస్తారని మా డబ్లిన్ తెలుగువాళ్ళ నమ్మకం.

ఆయన ఆస్పత్రిలో మత్తు డాక్టరు. చేతిలో రేకు కప్పిన గాజు గిన్నె, అందులో పచ్చిమిర్చి, వెల్లుల్లి కలిపిన చీజ్ డిప్ ఉంటాయి. అదింకా ఓవెన్ మొహం చూసి ఉండదు.

"ఇంటి దగ్గరే బేక్ చేసుకురావచ్చుగా సార్?"

"దారిలో చల్లారిపోదూ? బుడగలొస్తుండగా తినాలి. చల్లారితే చెప్పు అట్టలా ఉంటుంది!"

లీక్స్‌లిప్ కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన రాజగోపాల్ ఒకసారి సగం గీసిన గడ్డంతో తలుపు తీశాడు. "నీ గడ్డం నువ్వు కానీ నాయనా, ఓవెన్ ఎటు?" అంటూ ఈయన లోపలికి నడిచేశారట.

రెండువేల సంవత్సరంలో మా వంతు వచ్చింది. డబ్లిన్ పక్కనే స్వోర్డ్స్‌లో అద్దె ఇల్లు. మా ఆవిడ ఊర్మిళ ఇండియా నుంచి దిగి మూడు వారాలైంది. నేను గొప్పకుపోయి ఆఫీసు వాళ్ళని పన్నెండు మందిని పిలిచాను. నాలుగింటికి, బిర్యానీ సగం ఉడికాక, పొయ్యి చల్లబడిపోయింది. ఎన్ని మీటలు తిప్పినా ఉలకదు, పలకదు. ఇంటి ఓనరు ఫోనెత్తడు.

"వాళ్ళకి అటుకులు పెట్టనా?" అంది ఊర్మిళ. కళ్ళల్లో నీళ్ళు.

బెల్లు మోగింది. "ఓవెన్ ఖాళీయేనా?"

మా ఓవెన్ నిండా గిన్నెలే. ఆయన ఊర్మిళ మొహం చూశారు, పొయ్యి చూశారు, గోడ మీది ఎర్ర స్విచ్ టక్కున నొక్కారు. పొయ్యి వెలిగింది. ఇల్లు సర్దుతూ, ఎర్రగా ఉంటే ఏదో ప్రమాదమనుకుని దాన్ని ఆర్పిన మహానుభావుణ్ణి నేనే.

"ఈ దేశంలో పొయ్యి తాళం గోడకుంటుందమ్మా. కొత్తల్లో మేం రెండు రోజులు బ్రెడ్డే తిన్నాం," అంటూ చొక్కా చేతులు మడిచి ఉల్లిపాయలు తరగడం మొదలెట్టారు. "మరోమాట. ఇక్కడివాళ్ళు గ్రాండ్ అంటే బ్రహ్మాండమని కాదు, పర్లేదని. చిన్నబుచ్చుకోకు."

ఆరింటికి మా ఐరిష్ మేనేజరు అప్పడం విరిచి, బుడగలొస్తున్న డిప్‌లో ముంచి తిని "గ్రాండ్!" అన్నాడు. ఊర్మిళ కిసుక్కున నవ్వింది. ఎందుకో పాపం మేనేజరుకి అర్థం కాలేదు.

మరుసటేడు మళ్ళీ పిలిచాం. నాలుగైంది, ఐదైంది, మనిషి లేడు. సరిగ్గా ఆరింటికి వచ్చారు. డిప్ ఇంటి దగ్గరే బేక్ చేసి, తువ్వాలు చుట్టి తెచ్చారు. నాకు చిన్నతనమనిపించింది.

"మా ఓవెన్ మీద అలిగారా సార్? చల్లారిపోలేదూ?"

"మళ్ళీ వేడి చేస్తే సరి. ఊర్మిళమ్మకి ఇప్పుడన్నీ తెలుసుగా! కొత్తవాళ్ళింటికే ముందెళ్తాను. మొదటి పార్టీకి ఒక్కళ్ళే కంగారుపడుతుంటారు, పాపం."

ఊర్మిళ గబగబా డిప్ వేడి చేసి, అప్పడం ముంచి, "మొదట మీరు తినండి," అంటూ అందించింది.

ఆయన రెండడుగులు వెనక్కేశారు. "అమ్మో! నాకు చీజ్ పడదమ్మా. కడుపు ఊరుకోదు."

"మరి ఎప్పుడూ ఇదే ఎందుకు తెస్తారండీ?"

"వట్టి చేతులతో రెండు గంటల ముందొస్తే ఎవరమ్మా లోపలికి రానిచ్చేది?" అని నవ్వేసి, పులిహోర గిన్నె వైపు నడిచారు.