మాస్టారి కొత్త సంవత్సరాలు

జనవరి ఒకటో తారీఖు పొద్దున్నే ఫోన్ మోగింది. నాతో కంచరపాలెం బళ్లో చదువుకున్న స్నేహితురాలు. "హేపీ న్యూ ఇయరే" అంది అలవాటుగా. అని, చటుక్కున ఆగిపోయింది.

"అయ్యో, ఏటి అనేసేను! అది కాదే... మన సోషల్ మాస్టారు పోయారంట. మూడు రోజులయిందంట. నాకూ ఇప్పుడే తెలిసింది."

పండగ మాటతో చావు కబురు మొదలుపెట్టినందుకు ఏడుస్తూనే సారీ చెప్పింది, మళ్లీ చెప్పింది. అది అలా సిగ్గుపడిపోతుంటే నాకు మాస్టారి ముఖం కళ్ల ముందుకొచ్చింది. ఆయన అంతకంటే ఎక్కువ సిగ్గుపడగా చూశాను. ఆ సిగ్గుకు కారణం నేనే కావడం నా సిగ్గు.

తొంభైల మొదట్లో ఆయన మాకు హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. జాలరిపేట మనిషి. చొక్కా జేబులో సుద్దముక్కలు వేసుకునేవారు, అందుకే ఆయన జేబు ఎప్పుడూ తెల్లగా ఉండేది. క్లాసులోకి రాగానే ముందు కిటికీ దగ్గరికి వెళ్లి గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకునేవారు. పుస్తకాల తెలుగులో పాఠం మొదలుపెట్టి, ఉత్సాహం వచ్చిందంటే పేట భాషలోకి జారిపోయేవారు.

జనవరి ఒకటిన అందరం ఆయనకి నిమ్మకాయలో, ఆపిల్ పండో పట్టుకెళ్లేవాళ్లం. ఆపిల్ పళ్లన్నీ అక్కడే కోసి మాకే పంచిపెట్టి, "ఇవాళే మొదటి రోజని ఎవర్రా సెప్పేరు? సూర్యుడా, సంద్రమా?" అని అడిగేవారు. ఒకప్పుడు రోమన్లకి ఏడాది మార్చిలో మొదలయ్యేదని, సెప్టెంబరు పేరులో ఉన్నది ఏడేనని వేళ్లు మడిచి లెక్కపెట్టించేవారు. అక్కడి అధికారులు పదవిలోకి వచ్చే రోజు కాబట్టి జనవరి ఒకటి ముందుకొచ్చిందట. ఇంగ్లండులో వందల ఏళ్లపాటు మార్చి చివర్లో కొత్త సంవత్సరం. రష్యాలో సెప్టెంబరులో ఉంటే ఒక రాజు దాన్ని జనవరికి మార్పించాడట. నైలు నదికి వరద రావడమే ఈజిప్టు వాళ్లకి ఏడాది రావడం. "మా అమ్మకయితే గంగమ్మకి మొక్కు తీర్సి కొత్త వల దించిన రోజే" అని నవ్వేవారు.

అంతటితో ఆగలేదు. క్లాసులో ఎవరి కొత్త సంవత్సరం వస్తే వాళ్లని ముందుకి పిలిచేవారు. ఒడియా అబ్బాయికి ఏప్రిల్లో, గుజరాతీ కొట్టు వాళ్ల అమ్మాయికి దీపావళి మర్నాడు, మిగతా అందరికీ ఉగాదికి. చేతిలో మిఠాయి పెట్టి, క్లాసంతటిచేతా చప్పట్లు కొట్టించేవారు. మేమందరం మా వంతు కోసం ఎదురుచూసేవాళ్లం. నేను తప్ప.

మాది బందరు నుంచి వచ్చిన షియా ముస్లిం కుటుంబం. నాన్న పోర్టులో క్రేన్ నడిపేవాడు. మొహర్రం నెల మొదటి రోజుతో మాకూ కొత్త సంవత్సరం వస్తుంది, నిజమే. కానీ ఆ రోజుతోనే కర్బలా యుద్ధంలో దాహంతోనే నేలకొరిగిన మా ఇమాం కోసం, ఆయన పిల్లల కోసం శోకం మొదలవుతుంది. అమ్మ గాజులు తీసేస్తుంది. ఇంట్లో తీపి వండరు. నల్లబట్టలు కడతారు.

ఆ ఏడు అది జూలైలో, వానల్లో వచ్చింది. మాస్టారు తడిసిన గొడుగు మూలన పెట్టి, కాగితం పొట్లం విప్పి నన్ను పిలిచారు. "ఈవేళ ఈ పిల్లకి కొత్త సంవత్సరం" అని నా చేతిలో జిలేబీ పెట్టారు. క్లాసంతా చప్పట్లు. "హేపీ న్యూ ఇయర్!" అని అరుపులు. "తినే, సిగ్గెందుకు!" అంది ముందు బెంచీ అమ్మాయి. తినలేక, పారేయలేక అలాగే పట్టుకున్నాను. పాకం మోచేతి దాకా కారింది. మేము అందరిలాంటి వాళ్లం కామన్న సంగతి అప్పుడే బయటపడినట్టు తల దించుకున్నాను.

మర్నాడు నాన్న బడికి వచ్చాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, నల్లచొక్కా, చంకలో హెల్మెట్. గొడవపడతాడేమోనని నాకు ప్రాణం పోయింది. వరండాలో నిలబడి మెల్లగానే మాట్లాడాడు.

"మీ తప్పేం లేదండీ మాస్టారూ. ప్రేమతోనే ఇచ్చారు. మాకు మాత్రం ఏడాది ఏడుపుతోనే మొదలవుద్దండీ. పిల్ల రాత్రి అన్నం తిన్లేదు. చెప్పిపోదామని వచ్చా."

"ఏటి బాబూ... నాను ఎంత పని సేసేను" అన్నారు మాస్టారు. ఆ తర్వాత లోపలికి వచ్చి, సుద్దముక్క బల్లమీద పెట్టి, మా అందరి ముందూ నిలబడ్డారు.

"నిన్న నాను ఈ పిల్లకి అన్నేయం సేసేను. ఆళ్లింట్లో దుక్కం రోజు. అడక్కుండా మీసేత సప్పట్లు కొట్టించేను." నా వైపు తిరిగి చేతులు జోడించారు. "క్షమించు తల్లీ."

నేను బెంచీ కిందికి దూరిపోయి ఉంటే బాగుండును. హెడ్మాస్టారు గుమ్మంలోంచి చూస్తున్నారు. "పిల్లల ముందు ఏంటండీ ఇది? రేపు మన మాట వింటారా?" అన్నారు కోపంగా.

"తప్పు అందరి ముందూ సేసేనండీ. సమాపణ సాటుగా ఎలా సెప్తాను?"

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చారు. చెప్పులు రోడ్డు మీదే విడిచి, లోపలికి రమ్మనే దాకా గేటు బయటే నిలబడ్డారు. నాన్న కుర్చీ వేస్తే కూర్చోకుండా చాప మీదే కూర్చున్నారు. అప్పుడు చెప్పారు, అంతకుముందు బళ్లో ఎవరికీ చెప్పని మాట. ఆయన చిన్నప్పుడు ఒక డిసెంబరు చివర్లో వాళ్ల నాన్న సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాలేదట.

"మా అమ్మ ఇసకలో కూకుని సూస్తంది బాబూ. కొత్త సంవత్సరం అని రేవులో ఓడలన్నీ ఒక్కసారే కూతలేసేయి. మా అమ్మ సెవులు మూసుకుంది. అది కళ్లతో సూసినోణ్ణి. నానే నీ కూతురికి సప్పట్లు కొట్టించేను."

నాన్న ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

ఆ తర్వాత ప్రతి ఏడూ మా నెల మొదటి రోజున వచ్చేవారు. మా పండగలూ శోకాలూ ఏటేటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతూ ఉంటాయి కదా, ఎప్పుడొస్తుందో ఎలా తెలుసుకునేవారని అడిగితే, "ఒడ్డునున్నోడికి నెలవంక ఎవరు సూపించాలమ్మా" అనేవారు. నాన్న పోయాక కూడా రావడం మానలేదు. ఎన్నేళ్లొచ్చినా పిలిచే దాకా గేటు దాటేవారు కాదు. ఉద్యోగంలో చేరాక ఒకసారి ఉండబట్టలేక అన్నాను, "అది ఎప్పటి మాట మాస్టారూ, ఇంక మర్చిపోండి" అని.

"నువ్వు మర్సిపో తల్లీ. నాను మర్సిపోతే మళ్లీ సేస్తాను."

జనవరి ఒకటి పాఠం మానేయలేదు ఆయన. మేమూ విన్నాం, మా తర్వాత చదివినవాళ్లూ చెప్పారు. రోమన్లూ ఈజిప్టూ అయ్యాక ఇంకో మాట చేర్చేవారు: "ముందు అడగండి. మీ ఇంట్లో ఆ రోజు ఎలాగుంటాదని అడగండి. దాని తరవాతే మిఠాయి."

ఈసారి మా నెల డిసెంబరు చివర్లో మొదలైంది. మాస్టారు రాలేదు. వయసు మీద పడింది, బస్సులు ఎక్కలేకపోయి ఉంటారు అనుకుని ఊరుకున్నాం. ఆ పొద్దునే ఆయన పోయారని, చాప మీద పడుకోబెట్టి ఉంచారని తర్వాత తెలిసింది.

కబురు తెలిసిన రోజే నల్లచీరలోనే జాలరిపేటకు వెళ్లాను. దారి పొడుగునా కేకుల దుకాణాలు, పాటలు. ఆయన వీధిలో ప్రతి గుమ్మం ముందూ పెద్ద ముగ్గు, రంగుల్లో కొత్త సంవత్సరం అంకెలు. మాస్టారి గుమ్మం ముందు మాత్రం పక్కింటి కొత్త కోడలు బిందెతో నీళ్లు పోస్తూ చేత్తో ముగ్గు చెరిపేస్తోంది. వీధంతా వేసుకుంటూ వస్తూ చీకట్లో ఇక్కడా వేసేసిందట. అత్తగారు తిడుతోంది. ఆ పిల్ల తల ఎత్తడం లేదు.

మాస్టారి భార్య లోపల్నుంచి గోడ పట్టుకుని బయటికొచ్చారు. "ఉంచీయే, కోడలు పిల్లా. ఏమైపోలేదు" అన్నారు.

ఆ పిల్ల ఖాళీ బిందె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సగం చెరిగిన ముగ్గులోంచి ఎర్రరంగూ పచ్చరంగూ నీళ్లలో కలిసి, నా పాదాల పక్కనుంచి ఇసకలోకి ఇంకిపోతున్నాయి.